మోగని హారను చెప్పే పాఠం

విద్యుత్ గంట బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే మీలో చాలామంది అయిదు నిమిషాల్లో గీసేస్తారు. విద్యుదయస్కాంతం, ఆర్మేచరు, స్ప్రింగు, మర, సుత్తి, గిన్నె - ఒక్కటీ వదలరు. మార్కులు కూడా పూర్తిగా పడతాయి. సంతోషమే. కాని ఇంట్లో మోటారు సైకిలు హారను మోగడం మానేస్తే మాత్రం బండిని షెడ్డుకు తోసుకుపోవడం తప్ప మరో ఆలోచన రాదు. పుస్తకంలోని గంటకూ, బండి మీది హారనుకూ దగ్గరి చుట్టరికం ఉందన్న సంగతి ఎంతమందికి తడుతుంది?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చక్కగా పనిచేసే పది పరికరాలకంటే, పాడైన ఒక్క హారను విద్యార్థికి ఎక్కువ సైన్సు నేర్పుతుంది. ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోనూ పాడైన హారను ఒకటి ఉండాలి. దానిలో లోపం కనిపెట్టడం మన చదువులో భాగం కావాలి. ఈ మాట ఒప్పుకోనివారు ఉన్నారు. వారికి సమాధానం తరువాత చెబుతాను. ముందు హారను సంగతి చూద్దాం.

హారను ఎలా మోగుతుంది?

విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆయిర్‌స్టెడ్ ప్రకటించాడు. మరి అయిదేళ్లకు, 1825లో, ఇంగ్లండులో విలియం స్టర్జన్ ఇనుప కడ్డీ మీద తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేసి చూపించాడు. విద్యుత్ గంట, హారను రెండూ ఆ వంశంలో పుట్టినవే.

గుండ్రటి హారను లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. దాని ఎదుట పలుచని ఉక్కు రేకు ఉంటుంది. దీన్ని డయాఫ్రం అంటారు. డయాఫ్రం నడుమ ఒక ఇనుప ముక్క బిగించి ఉంటుంది. తీగచుట్టకు విద్యుత్తు వెళ్లే దారిలో రెండు పాయింట్లు ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. మీట నొక్కగానే తీగచుట్ట అయస్కాంతమై ఇనుప ముక్కను లాగుతుంది. డయాఫ్రం లోపలికి వంగుతుంది. అలా వంగేటప్పుడు ఆ ఇనుప ముక్కే పాయింట్లను విడదీస్తుంది. ప్రవాహం తెగుతుంది, అయస్కాంతత్వం పోతుంది, డయాఫ్రం వెనక్కు వస్తుంది. పాయింట్లు మళ్లీ కలుస్తాయి, కథ మళ్లీ మొదలవుతుంది. ఇదంతా సెకనుకు సుమారు 400 సార్లు జరుగుతుంది. గాలిలో అన్ని కంపనాలు పుడతాయి కనుక మనకు ధ్వని వినిపిస్తుంది. హారను వెనక కనిపించే చిన్న మర ఆ పాయింట్లు ఎప్పుడు విడిపోవాలో నిర్ణయిస్తుంది. గంటలో సుత్తి ఉన్న స్థానంలో ఇక్కడ డయాఫ్రం ఉంది. తేడా అంతే.

కొన్ని జాగ్రత్తలు

పెద్దవారు దగ్గర లేకుండా ఈ పనికి దిగవద్దు. బండిలోని 12 వోల్టుల బాటరీ షాకు కొట్టదు నిజమే. కాని దాని రెండు కొసలను పానా గాని, చేతి కడియం గాని కలిపితే లోహం ఎర్రగా కాలి చేయి బొబ్బలెక్కుతుంది. బాటరీలో ఆమ్లం ఉంటుంది. దాని నుండి వచ్చే హైడ్రోజనుకు నిప్పురవ్వ చాలు. ఇంటి గోడలోని 230 వోల్టుల ప్లగ్గుకూ ఈ ప్రయోగాలకూ ఏ సంబంధమూ ఉండకూడదు. ఎయిర్‌బ్యాగు ఉన్న కారు స్టీరింగు విప్పవద్దు. విద్యుత్ వాహనాల పెద్ద బాటరీ జోలికి అసలే పోవద్దు. హారనును చెవి దగ్గర పెట్టుకుని మోగించవద్దు.

ఎనిమిది చోట్లు, మూడు పరీక్షలు

ఇప్పుడు హారను మోగడం లేదు. చాలామంది చేసే పని ఏమిటి? కొత్త హారను కొనుక్కొచ్చి బిగిస్తారు. అదీ మోగకపోతే మీట మారుస్తారు. అప్పటికీ మోగకపోతే బాటరీని అనుమానిస్తారు. ఇది వెతకడం కాదు, చీకట్లో రాళ్లు విసరడం. డబ్బు పోతుంది, కారణం మాత్రం తెలియదు.

విద్యుత్తు నడిచే దారిని ముందు కాగితం మీద గీయండి. ఒక మాదిరి మోటారు సైకిలులో ఆ దారి ఇలా ఉంటుంది: బాటరీ, ఫ్యూజు, తాళంచెవి స్విచ్చి, ముందుకు వచ్చే తీగ, హారను, హారను నుండి మీటకు వెళ్లే తీగ, మీట, మీట నుండి బండి చట్రానికి కలిపే ఎర్త్ తీగ. చట్రం బాటరీ రుణధ్రువానికి కలిసి ఉంటుంది కనుక వలయం పూర్తవుతుంది. కొన్ని బండ్లలో మీట హారనుకు ముందే వస్తుంది. కనుక మీ బండి దారి మీరే చూసి గీయాలి.

లెక్కపెట్టండి, ఎనిమిది చోట్లు ఉన్నాయి. లోపం ఎక్కడో ఒకచోట ఉంది. ఒక్కొక్కటే చూస్తూ పోతే ఏడు పరీక్షలదాకా చేయవలసి రావచ్చు. అలా కాక దారిని నడిమికి విరుద్దాం.

మొదటి పరీక్ష: తాళంచెవి తిప్పి, 12 వోల్టుల బల్బు ఒక తీగను హారనుకు విద్యుత్తు వచ్చే కొసకు, రెండవ తీగను రంగు గీకిన చట్రానికి తాకించండి. బల్బు వెలిగితే మొదటి నాలుగు చోట్లు మంచివి. లోపం తరువాతి నాలుగింటిలో ఉంది. వెలగకపోతే మొదటి నాలుగింటిలోనే ఉంది.

వెలిగిందనుకోండి. రెండవ పరీక్ష: మీట దగ్గర, హారను నుండి వచ్చిన తీగ కొసను ఒక ముక్క తీగతో చట్రానికి తాకించండి. హారను మోగితే అదీ, దాని తీగా మంచివే. తప్పు మీటది, లేదా ఎర్త్ తీగది. మోగకపోతే తప్పు హారనుది, లేదా దాని తీగది.

మిగిలినవి రెండు. మూడవ పరీక్షతో తేలిపోతుంది. తప్పు మీట వైపు ఉంటే మీట రెండు కొసలను తీగముక్కతో కలపండి. హారను మోగితే చెడింది మీట. మోగకపోతే ఎర్త్ తీగ. తప్పు హారను వైపు ఉంటే హారను రెండవ కొసను నేరుగా చట్రానికి తాకించండి. మోగితే తీగ తెగింది. మోగకపోతే లోపం హారనులోనే ఉంది.

ఎనిమిది నాలుగయింది, నాలుగు రెండయింది, రెండు ఒకటయింది. ఇంకో మాట. తీగముక్కతో చట్రానికి తాకించిన పరీక్షలన్నీ హారనుకు అవతలి వైపున చేసినవే, గమనించారా? ఇవతలి వైపు, అంటే బాటరీ నుండి వచ్చే కొసను ఉత్త తీగతో చట్రానికి తాకిస్తే మధ్యలో నిరోధం ఏదీ ఉండదు. ఫ్యూజు ఎగిరిపోతుంది. అక్కడ బల్బునే ఎందుకు వాడామో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది.

ఫ్యూజు కాలితే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. అది కూడా వెంటనే కాలిపోతే తీగ ఎక్కడో ఒరుసుకుపోయి చట్రాన్ని తాకుతున్నదన్నమాట. ఆ చోటు వెతకాలి గాని ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టకూడదు. అలా చుడితే ఈసారి కాలేది బండి.

బల్బు చెప్పే అబద్ధం

ఒక్కొక్కప్పుడు విచిత్రం జరుగుతుంది. హారను ఊడదీసి, దాని రెండు తీగల మధ్య చిన్న బల్బు పెట్టి మీట నొక్కితే చక్కగా వెలుగుతుంది. అంటే తీగలన్నీ మంచివి, హారనే చెడిపోయిందని తీర్పు చెప్పేస్తాం. కొత్త హారను తెచ్చి బిగిస్తే అదీ గొణుగుతుంది! బల్బు అబద్ధం చెప్పిందా?

ఓం నియమాన్ని అడుగుదాం. పరీక్ష బల్బు 12 వోల్టులు, 1.2 వాట్లది అనుకోండి. దానిలో 0.1 ఆంపియరు ప్రవహిస్తుంది. అంటే దాని నిరోధం 120 ఓములు. హారను 2 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే దాని నిరోధం సుమారు 6 ఓములు. హారను తీగచుట్ట మాత్రమే కాదు, ప్రవాహాన్ని తెంచుతూ కలుపుతూ ఉండే యంత్రం. కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా మన పనికి చాలు.

ఇప్పుడు వానకు తడిసిన ఒక జాయింటులో చిలుము పట్టి 6 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి. బల్బు ఉన్నప్పుడు మొత్తం నిరోధం 126 ఓములు. బల్బుకు 11.4 వోల్టులు అందుతాయి. తేడా కంటికి కనిపించదు. హారను ఉన్నప్పుడో? మొత్తం 12 ఓములు. ప్రవాహం 1 ఆంపియరుకు పడిపోతుంది. హారనుకు 6 వోల్టులే దక్కుతాయి, మిగిలిన 6 చిలుము మింగేస్తుంది. హారను గొణగక ఏం చేస్తుంది?

బల్బు అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకు నిజమే చెప్పింది. 0.1 ఆంపియరు వస్తున్నదా అని అడిగాం, వస్తున్నదంది. 2 ఆంపియర్లు వస్తాయా అని మనం అడగలేదు! బ్రేకు దీపానికి వాడే 21 వాట్ల బల్బు పెట్టి ఉంటే దానికి 1.75 ఆంపియర్లు కావాలి గనుక మసకగా వెలిగి గుట్టు విప్పేది. గరుకు కాగితంతో ఆ జాయింటు రుద్ది బిగిస్తే పాత హారనే గట్టిగా మోగేది. పరీక్ష పెట్టడం గొప్ప కాదు, తగిన పరీక్ష పెట్టడం గొప్ప. పుస్తకంలో ఓం నియమం లెక్కలు నలభై చేసినా ఈ సంగతి అంత బాగా మనసుకెక్కదు.

రోగ లక్షణాలు

వైద్యుడు నాడి చూసినట్టు హారను తీరును బట్టి కొంత ఊహించవచ్చు. నొక్కగానే "టిక్" మని ఒక్కసారి కొట్టుకుని ఊరుకుంటే పాయింట్లు విడిపోవడం లేదేమో చూడాలి. ఇంజను ఆడుతున్నప్పుడు బాగా మోగి, ఆగినప్పుడు నీరసిస్తే బాటరీ బలహీనపడి ఉండవచ్చు. హ్యాండిలు ఒక వైపు తిప్పినప్పుడే మోగితే, మెడ దగ్గర మాటిమాటికీ వంగే తీగ తొడుగు లోపల తెగి ఉండవచ్చు. బొంగురుపోతే లోపలికి నీరో బురదో చేరి ఉండవచ్చు, లేదా హారను ఒళ్లు చట్రానికి ఆని ఉండవచ్చు. ఆపకుండా మోగుతుంటే ముందు దాని తీగ ఊడదీసి, తరువాత మీట ఇరుక్కున్నదేమో చూడాలి.

"ఉండవచ్చు" అని ఎన్నిసార్లు రాశానో చూశారా? లక్షణం చూసి చేసేది ఊహ. పరీక్షకు నిలిస్తేనే అది నిర్ణయం. హారను మీద పానాతో ఒక్కటి కొట్టగానే మోగిందనుకోండి, బాగుపడినట్టేనా? అతుక్కున్న పాయింట్లు అదురుకు విడిపోయి ఉంటాయి. మరునాడు మళ్లీ అతుక్కుంటాయి. మోగడం వేరు, ఎందుకు మోగలేదో తెలియడం వేరు. అలాగే ఒకేసారి ఫ్యూజు మార్చి, మర తిప్పి, జాయింటు రుద్దితే హారను మోగవచ్చు గాని, దేనివల్ల మోగిందో చెప్పలేం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మర తిప్పేముందు పాత స్థానం గుర్తు పెట్టుకుని, కొద్దికొద్దిగా తిప్పాలి. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు పాటించే నియమాలూ ఇవే.

ఒప్పుకోనివారికి సమాధానం

"మా అబ్బాయిని ఇంజనీరు చేద్దామనుకుంటే మీరు మెకానిక్కును చేస్తారా?" అని అడిగే తండ్రులున్నారు. అయ్యా, చెడిన యంత్రాన్ని చూసి భయపడే ఇంజనీరు మనకెందుకు? ఎనిమిదో తరగతితో చదువు ఆపి షెడ్డులో చేరిన కుర్రవాడు పది నిమిషాల్లో లోపం పట్టేస్తాడు. ఎలా పట్టాలో అతనికి తెలుసు, ఎందుకో చెప్పమంటే చెప్పలేడు. మన మొదటి తరగతి విద్యార్థికి ఎందుకో తెలుసు, ఎలాగో తెలియదు. ఈ ఇద్దరి మధ్య గోడ కట్టింది మన చదువే. అది కూలితే ఇద్దరూ బాగుపడతారు. షెడ్డులో పనిచేసేవాని చేతులకు నూనె అంటితే అతని తెలివికి అంటినట్టు కాదు.

"ఇది మగపిల్లల పని" అనేవారూ ఉన్నారు. ఓం నియమం ఆడపిల్లకు వేరుగా పనిచేయదు. రేపు ఉద్యోగానికి స్కూటరు మీద వెళ్లే అమ్మాయికి ఈ విద్య మరీ అవసరం.

"పోర్షను పూర్తి కాదు" అనే తోటి ఉపాధ్యాయుల బాధ నాకూ తెలుసు. పాతికేళ్లకు పైగా నేనూ ఆ బాధ పడుతున్నవాణ్ణే. కాని మన ప్రయోగాల తీరు చూడండి. జవాబు ఎంత రావాలో ముందే తెలుసు. రాకపోతే పిల్లలు రీడింగు దిద్ది తెప్పిస్తారు. ఇది సైన్సు కాదు, సైన్సు పేరుతో అబద్ధం అలవాటు చేయడం. పాడైన హారను దగ్గర దిద్దుబాటు చెల్లదు. రికార్డులో ఎంత అందంగా రాసినా అది మోగదు. నిజం తెలిస్తేనే మోగుతుంది. విద్యార్థికి నిజాయితీ నేర్పడానికి ఇంతకంటే మంచి పరికరం నాకు కనిపించలేదు.

ఖర్చు కూడా పెద్దది కాదు. షెడ్డులో పక్కన పడేసిన హారను, పాత మీట, రెండు బల్బులు, ఒక ఫ్యూజు, కొంత తీగ, ఉపాధ్యాయుని అధీనంలో ఉండే ఒక 12 వోల్టుల బాటరీ - ఇంతే. వీటిని చెక్క మీద బిగించి, నెలకు ఒక పీరియడు కేటాయించి, ఉపాధ్యాయుడు ఎక్కడో ఒక లోపం దాచిపెట్టాలి. పిల్లలు వెతకాలి. ఎవరు ముందు కనిపెట్టారన్నది కాదు, ఎవరు తక్కువ పరీక్షలతో, కారణం చెబుతూ కనిపెట్టారన్నది చూడాలి. పరీక్షలో "విద్యుత్ గంట పటం గీయుము" అన్న ప్రశ్న పక్కన, "గంట మోగుట లేదు, మొదట దేనిని పరీక్షింతువు? ఎందుకు?" అన్న ప్రశ్న కూడా చేరాలి.

బాగుచేశాక ఏం చేయాలి?

మారేడుమిల్లి ఘాట్ రోడ్డు వంటి చోట మలుపు అవతల ఏముందో కనబడదు. అక్కడ హారను ప్రాణం కాపాడుతుంది. దానిని బాగా ఉంచుకోవాలి అనడం అందుకే. అదే హారను ఆసుపత్రి ముందు, బడి ముందు మోగితే హింస అవుతుంది.

క్లాక్సన్ అనే పేరుమోసిన పాత హారనును రూపొందించినవాడు అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్. అది 1908లో బజారులోకి వచ్చింది. అంతకు ముందే ఆయన వినికిడి యంత్రం కూడా కనిపెట్టాడు. చెవులు చెడగొట్టి వినికిడి యంత్రాలు అమ్ముకోవడానికే హారను చేశాడని హాస్యమాడేవారట! మన రోడ్ల మీద నిలబడితే ఆ హాస్యం అంత నవ్వు పుట్టించదు.

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ హారను మోగించకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు రకరకాల స్వరాలు పలికే హారన్లను నిషేధించాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, అవసరం లేకుండా గాని, ఆపకుండా గాని హారను మోగిస్తే మొదటిసారి 1000 రూపాయలు, ఆ తరువాత 2000 రూపాయలు జరిమానా అని చేర్చారు. చట్టం ఉంది. మీటను నొక్కే బొటనవేలికి అదుపు కావాలి. లోపల రేకు, పాయింట్లు, తీగచుట్ట ఎంత కష్టపడుతున్నాయో తెలిసినవాడు ఊరికే నొక్కడని నా నమ్మకం.

కనుక ఈ నెల మీరొక పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి హారను దారిని పెద్దవారి సాయంతో చూసి, నోటుపుస్తకంలో గీయండి. ఏ చోట తెగితే ఏమవుతుందో పక్కన రాయండి. దగ్గరలోని షెడ్డు మేస్త్రీని మర్యాదగా అడిగి మీరు రాసింది సరేనా అని చూపించండి. ఆయన ఏదైనా కాదంటే వాదించకండి, ఒప్పేసుకోకండి కూడా. ఇద్దరూ కలిసి పరీక్ష చేసి చూడండి.